దారమంత సందు

ఖుద్దూస్‌ను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎందుకని అడిగితే అప్పట్లో వంద కారణాలు చెప్పేవాణ్ని. వాడికి బాడిస పట్టుకోవడం రాదని, మాట్లాడే ముందే నవ్వుతాడని, పెద్దవాడు చెబుతుంటే మధ్యలో నోరు పెడతాడని. అన్నీ వట్టి మాటలు. వాడి బుర్ర నా బుర్రకంటే చురుకైనది. అదొక్కటే నిజం, అదొక్కటే నేను ఎవరితోనూ అనలేదు.

నా పేరు బాలప్ప. తాండూరులో మా తాతల నాటి నుంచి ఎడ్లబండ్లు చేసే ఇల్లు మాది. కోడంగల్, బొంరాస్‌పేట దాటి కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి కూడా రైతులు చక్రాల కోసం నా దగ్గరికే వచ్చేవారు. కొత్త బండి అప్పగించేటప్పుడు సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం రైతు చేతిలో పెట్టి, "ఏ అతుకులనన్న దూర్చు, సూస్త" అనేవాణ్ని. దూర్చినవాడు లేడు. మా ఎండలకు కట్టె గలగలలాడేంతగా ఎండుతుంది. అలా ఎండిన కట్టెను గాలి కూడా చొరకుండా బిగించడమే మా పని, మా పరువు.

పంతొమ్మిది వందల అరవై ఐదులో పెద్దేముల్ దిక్కున ప్రాజెక్టు పని నడుస్తోంది. నీళ్లు నిండాక అందులో చేపపిల్లలు వదులుతారని, బెస్తవాళ్లకు పడవలు ఇస్తారని అన్నారు. మా దిక్కున పడవ ఎవడు చూశాడు? వానాకాలం పారి, ఎండాకాలం ఇసుక తేలే కాగ్నా నదిలో పడవకు పనేముంది? చేపల శాఖవాళ్లు మంచి వడ్లవాడు ఎవరని ఆరా తీస్తే పదిమందీ నా పేరే చెప్పారట. నన్ను ఆరు నెలలు కాకినాడ పంపారు. అక్కడ పడవల మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని తిరిగొచ్చాను. వికారాబాద్ స్టేషన్ వెనక రేకుల షెడ్డు ఇచ్చి, ఎనిమిది మందిని అప్పగించి, వీళ్లకు నేర్పు అన్నారు. తాండూరు నుంచి పొద్దున రైలుబండెక్కి పోయి, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ని. ఊళ్లో నన్ను "మాస్టర్" అనడం మొదలుపెట్టారు. ఆ పిలుపు నాకు ఎంత రుచించిందో చెప్పలేను.

నేర్పడానికని షెడ్డు నడుమ పన్నెండడుగుల పడవ ఒకటి నిలబెట్టాను. అడుగున పొడుగు దూలం, దానికి రెండు పక్కలా తుమ్మకట్టె పక్కటెముకలు. ఒక పక్క మాత్రం నేనే మద్ది పలకలు పరిచి పూర్తి చేశాను. రెండో పక్క ఎముకలు కనబడేలా అలాగే వదిలేశాను. లోపల ఏముందో ఆ పక్క నుంచి చూడాలి, పైన ఎలా మూయాలో ఈ పక్క చూసి నేర్చుకోవాలి. ముందుకొస, వెనకకొస రెండూ ఒక్కలాగే చెక్కాను. ఒక కొస చెక్కడం నేర్చుకుంటే రెండోదీ వచ్చేసినట్టే అని.

ఎనిమిది మందిలో ఏడుగురు నేను చెప్పింది విని తల ఊపేవాళ్లు. ఎనిమిదోవాడు ఖుద్దూస్. ముప్పయ్యేళ్లుంటాయి. తాండూరు బండల గనిలో పనిచేసి వచ్చాడు. కట్టెపని అంతకుముందు తెలియదు. అలాంటివాణ్ని ఎందుకు పంపారో అని మొదటిరోజే చిరాకు పడ్డాను. నాలుగోరోజు నేను మామూలుగా కాగితం ముక్క తీసి, నేను మూసిన పక్క మీద ఆడించి, ఎక్కడా దూరదని చూపించాను. ఏడుగురూ "వారెవ్వా" అన్నారు. ఖుద్దూస్ పలక మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఉస్తాద్, గీ పలకలు మస్తు ఎండినయి గద. నీళ్లు తాగినంక ఉబ్బయా?"

"ఉబ్బితె ఇంక బిగుస్తయి. మంచిదే గద" అన్నాను.

"బిగుసుటానికి జాగ ఏడున్నది? మా గనిల బండకు తూట్లు పెట్టి ఎండు కట్టె చీలలు దిగగొడ్తం. మీద నీళ్లు పోసి ఇంటికి పోతం. తెల్లారి వచ్చి సూస్తె బండ రెండు ముక్కలైతది. బండనే పగలగొట్టేది గీ తుమ్మ ఎముకలను ఇడుస్తదా?"

ఏడుగురూ నా మొహం చూడడం మాని వాడి మొహం చూశారు. నా కడుపులో మంట అక్కడ మొదలైంది. కాకినాడలో ఈ మాట ఎవరూ అనలేదు. ఎందుకు అనలేదో కొన్నేళ్ల తరవాత తెలిసింది. సముద్రపు గాలికి అక్కడి కట్టె ఎప్పుడూ కొంత తడిగానే ఉంటుంది, ఉబ్బాల్సింది ముందే ఉబ్బి ఉంటుంది. ఆరోజు నాకు అదీ తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ లేదు.

"బండలు కొట్టెటోనికి పడవల సంగతేమెరుక? పోయి రంద పట్టు" అన్నాను. వాడు నవ్వి రంద తీసుకుని పలక నునుపు చేయసాగాడు. తిట్టినా నవ్వే మనిషిని ఏం చేయగలం?

నెల గడిచేసరికి వాడి చెయ్యి సాగింది. బాడిస దెబ్బ వేస్తే ఎక్కడ అనుకుంటే అక్కడే పడేది. మిగతావాళ్లకు అనుమానం వస్తే ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు, తరవాత వాడి దగ్గరికి పోయి మళ్లీ అడిగేవాళ్లు. నాకు వెనక కూడా కళ్లున్నాయి, అన్నీ చూస్తూనే ఉన్నాను. తిండి దగ్గర కూడా అందరూ వాడి చుట్టే చేరేవారు. నేను మాస్టర్ని కాబట్టి వేరే కూర్చునేవాణ్ని, ఒక్కణ్నే.

ఒక ఆదివారం నా భార్య ఈశ్వరమ్మ షెడ్డు చూస్తానని నాతో వచ్చింది. ఖుద్దూస్ ఆరోజు కూడా వచ్చి పని చేసుకుంటున్నాడు. దుకాణంలో తేనీరు చెప్పి వచ్చేలోపు వాడు ఆమెకు పడవ మొత్తం చూపించేశాడు.

"అక్కా, శనగలు గిన్నె నిండ పోసి, నీళ్లు పోసి, మూత గట్టిగ కట్టి పెడ్తె ఏమైతది?"

"మూత లేస్తది. లేకుంటె గిన్నె పగులుతది" అంది ఈశ్వరమ్మ.

"అంతే అక్కా. పలకకు పలకకు నడుమ దారమంత సందు ఇడువాలె అంటున్న. ఉస్తాద్ ఇంటలేడు."

రైల్లో ఈశ్వరమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆయన చెప్పింది నిజమే గదయ్యా" అంది. తరవాత రెండ్రోజులు ఇంట్లో అన్నం నేనే వడ్డించుకున్నాను. నా చేతి పని చూసి పెళ్లి చేసుకున్నానని చెప్పుకునే మనిషి, శనగల మాటకు పడిపోయింది. నాకు ఆమె మీద కోపం లేదు. ఆమె మెచ్చుకున్నవాడి మీదే ఉంది, అదీ గొంతుదాకా.

రెండో పక్క మూసే రోజులు వచ్చాయి. ఆ పని ఎవరికి ఇవ్వాలన్నది నా ఇష్టం. ఖుద్దూస్‌కే ఇచ్చాను. మంచి మనసుతో ఇచ్చానని అందరూ అనుకున్నారు. వాడు అడిగిన సందు వదలనిస్తే పడవ కారుతుంది, పదిమందిలో వాడి నోరు మూతపడుతుంది, నా లెక్క అది. వాడు పలకకూ పలకకూ మధ్య దారం పెట్టి చూసుకుంటూ పరిచాడు. ఆ సందుల్లో పత్తి వదులుగా దట్టించి గుగ్గిలం పూశాడు. నేను కాగితం తీసి, సందులో ఒకచోట పత్తి గీరేసి, ఇటు దూర్చి అటు లాగాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

"నీళ్లల్ల పెట్టినంక నవ్వుండ్రి ఉస్తాద్" అన్నాడు.

వైశాఖం ఎండల్లో పడవను బండి మీద ఎక్కించి వికారాబాద్ బయటి చెరువుకు తీసుకుపోయాం. చేపల శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కోస్తా మనిషి, తెల్ల ప్యాంటు, చేతిలో కాగితాలు. ప్రాజెక్టు దగ్గర పడవల కేంద్రం పెడుతున్నారు, అక్కడికి పర్మనెంటు మేస్త్రీ ఒక్కడు కావాలి. ఆ కాగితం ఆయన దగ్గరే ఉంది. ఈశ్వరమ్మ ముందుకొసకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. పడవను నీళ్లలోకి తోసి గట్టుకు ఆనించి కట్టాం. ఖుద్దూస్ చేసిన పక్క గట్టు వైపు, నేను చేసిన పక్క నీళ్ల వైపు.

క్షణంలో గట్టు వైపు పలకల సందుల్లోంచి నీళ్లు సన్నగా కారడం మొదలైంది. పడవలో చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. నా పక్క ఒక్క చుక్క లేదు. ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు.

"ఈ గట్టు వైపుది ఎవరు చేశారండీ?"

"నేనే సాబ్" అన్నాడు ఖుద్దూస్. "గింతట్ల అయిపోలే. నాలుగు దినాలు నీళ్లల్ల ఉంచుండ్రి. అప్పుడు వచ్చి సూడుండ్రి. ఏ పక్క నిలుస్తె ఆ పక్కదే నిజమనుండ్రి."

ఇన్‌స్పెక్టర్‌కు ఈ పందెం సరదాగా అనిపించినట్టుంది. "సరే. నాలుగో రోజు పదిగంటలకు వస్తాను. ఏ పక్క నిలబడితే ఆ పక్క చేసినవాడే కొత్త కేంద్రానికి మేస్త్రీ. బాలప్పగారూ, మీకు అభ్యంతరం లేదుగా?"

పదిమందిలో అడిగితే ఏమంటాను? "నాకేం ఫికర్ సాబ్" అన్నాను. ఆ రాత్రి తృప్తిగా తిని, కాళ్లు చాపుకుని పడుకున్నాను. వాడి పక్కలోంచి కారిన చెరువు నీళ్లు నాకు పన్నీరులా ఉన్నాయి.

నేర్చుకునేవాళ్లకు మూడురోజులు సెలవిచ్చాను. రెండోరోజు నేనొక్కణ్నే పోయి చూశాను. పడవలో నిలిచిన నీళ్లు తోడిపోసి ఒడ్డున కూర్చున్నాను. గంటసేపు చూసినా కొత్తగా నీళ్లు చేరలేదు. గట్టు వైపు సందులు మూసుకుంటున్నాయి. వేలు పెట్టి తడిమితే పలక పలకను ముట్టుకుంది. నాకు అన్నం సయించలేదు.

నాలుగోరోజు మొదటి బండికే పోయాను. అప్పుడే పొద్దు పొడుస్తోంది. చెరువు దగ్గరికి వస్తుండగానే 'టప్' మని చప్పుడు వినిపించింది. ఎవరో ఎండు కొమ్మ విరిచారనుకున్నాను. దగ్గరికి పోయి చూస్తే నీళ్ల వైపు నా పక్క బయటికి ఉబ్బి ఉంది. మూడు పక్కటెముకలు అడ్డంగా చీలాయి. మేకులు తలలు బయటపెట్టాయి. ఒక పలక కొస ఊడి నీళ్లలో ఆడుతోంది. కాగితం దూరని నా అతుకుల్లోంచి చేప దూరేంత తోవ పడింది. గట్టు వైపు వాడి పక్క నున్నగా, బిగువుగా, మచ్చ లేకుండా నిలబడి ఉంది. సందన్నది ఎక్కడా కనబడదు. తెలియనివాడు చూస్తే ఆ పక్కే బాలప్ప చేతి పని అంటాడు.

ఆ ఆలోచన రావడమే ఆలస్యం, మోకాలిలోతు నీళ్లలోకి దిగాను.

తాడు విప్పాను. కొస పట్టుకుని పడవను తిప్పాను. నీళ్లు చేరినా కట్టె తేలుతూనే ఉంది, మెల్లగా తోస్తే తిరిగింది. వెనకకొస ముందుకు వచ్చింది, విరిగిన పక్క గట్టు వైపుకు వచ్చింది. మళ్లీ కట్టాను. అప్పుడు బొట్లు గుర్తొచ్చాయి. ఈశ్వరమ్మ పెట్టిన పసుపు కుంకుమలు ఇప్పుడు వెనక్కి పోయాయి. తడిబట్టతో వాటిని తుడిచేశాను. మొదటిరోజు కొబ్బరిచిప్పల దగ్గర గట్టు మీదే వదిలేసిన పొట్లంలోంచి కుంకుమ తీసి, నీళ్లతో తడిసిన కొత్త ముందుకొసకు నా తడి వేలితో బొట్లు పెట్టాను.

తొమ్మిది గంటల బండికి నేర్చుకునేవాళ్లు దిగారు. గట్టు వైపు విరిగిన పక్క చూసి అందరూ అయ్యో అన్నారు. మొదటిరోజు కారింది ఆ పక్కే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. ఖుద్దూస్ చెప్పులు విడిచి పడవలోకి దిగాడు. విరిగిన పక్క లోపలి వైపు అరచెయ్యి పెట్టి నెమ్మదిగా నడిపించాడు. తరవాత మంచి పక్క లోపల కూడా అలాగే తడిమాడు. చేసిన చేతికి తన బాడిస దెబ్బ తెలియదా? బయటికి వచ్చి కొస దగ్గర నిలబడి కుంకుమ మీద వేలు పెట్టాడు. వేలు ఎర్రగా తడిసింది.

నా పక్కకు వచ్చి, ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు. "బొట్టు ఇంక ఆరలే."

నేను చెరువు వైపు చూశాను.

అప్పుడే ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒకసారి చూసి తల ఊపాడు. "నేననుకున్నదే. సందులు వదిలితే ఏమవుతుంది మరి, నీళ్లు చొరబడి విరిచేశాయి. ఏమయ్యా, ఇది నువ్వు చేసిన పక్కేనా?"

ఖుద్దూస్ ఆయనవైపు తిరగలేదు. నా వైపే చూశాడు. నేను నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. కానీ వచ్చినదాని వెనకే ఇంకోటి వచ్చింది. నేను చెప్పేస్తే ఈ ఏడుగురూ వాణ్ని భుజాల మీద ఎత్తుకుంటారు. ఊళ్లో వాణ్ని మాస్టర్ అంటారు. ఈశ్వరమ్మ, నేను అనలేదా అంటుంది. అది నేను బతికుండగా చూడలేను అనిపించింది.

"ఖుద్దూస్ పక్కనే సాబ్" అన్నాను నేను.

"ఉస్తాద్ చెప్పిండు గద సాబ్" అన్నాడు ఖుద్దూస్. "ఆయన చెప్పిందే."

ఇన్‌స్పెక్టర్ కాగితం మీద నా పేరు రాసి, సంతకం పెట్టి, చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అందరూ నన్ను చుట్టుముట్టారు. వాళ్ల మధ్యలోంచి చూస్తే ఖుద్దూస్ పనిముట్లు బట్టలో మూటకట్టుకుంటున్నాడు. ఉండబట్టలేక దగ్గరికి పోయాను.

"సాబ్‌కెందుకు చెప్పలే?" అన్నాను.

అంతవరకూ వాడు నన్ను మీరు అనే పిలిచాడు.

"నువ్వు నౌకరీ కోసం నిలవడ్డవ్. నేను పని కోసం వచ్చిన" అన్నాడు. "పని నా చేతులకొచ్చింది, గది నువ్వు గుంజుకోలేవు. నౌకరీ నీకొచ్చింది. ఇంకేం గావాలె, పో."

నవ్వలేదు, తిట్టలేదు. మూట భుజాన వేసుకుని స్టేషన్ వైపు నడిచాడు. మళ్లీ గనిలోకే పోయాడని విన్నాను. తిట్టి ఉంటే నాకు ఎంత హాయిగా ఉండేదో. రెండు తిట్లు తిని, రెండు తిట్టి, లెక్క చెల్లయిందనుకునేవాణ్ని.

ప్రాజెక్టు నిండింది. కేంద్రంలో నేను చేయించిన పడవలు తొమ్మిది ఇప్పుడు దాని మీద తిరుగుతున్నాయి. ఒక్కటి పగలలేదు. ప్రతి పడవకూ పలకకూ పలకకూ మధ్య దారం పెట్టి చూసే పరిచాం. మొదటిసారి అలా చేయమన్నప్పుడు పాతవాళ్లలో ఒకడు నోరు తెరవబోయి మూసుకున్నాడు. కొత్తవాళ్లు మాత్రం దాన్ని "బాలప్ప సందు" అంటారు. పై ఆఫీసునుంచి వచ్చినవాళ్లు కూడా ఆ పేరుతోనే అడిగి రాసుకుపోయారు. ఈశ్వరమ్మ ఒక్కతే ఆ మాట వినబడితే లేచి లోపలికి పోతుంది. ఆరోజు కుంకుమ పొట్లం ఎవరు ఖాళీ చేశారని ఒక్కసారి అడిగింది, నేను చెప్పులు తొడుక్కుని బయటికి పోయాను. మళ్లీ అడగలేదు.

పోయిన నెల కేంద్రానికి కొత్తగా ఒకతను వచ్చాడు. కిష్టప్ప, నలభై ఏళ్ల మనిషి. అరచేతులు చూడగానే గనివాడని తెలిసిపోయింది.

"ఎవరు పంపిండ్రు?" అన్నాను.

"ఖుద్దూస్ భాయి. మేమిద్దరం ఒక్క గనిలనే చేస్తం. పడవల పని నేర్చుకుంటె బాలప్ప ఉస్తాద్ తాననే నేర్చుకోవాలె అన్నడు. దారమంత సందు ఇడువుమంటె ఇడువు, ఎందుకని మాత్రం అడుగకు, ఉస్తాద్‌కు చెప్పుడు రాదు అన్నడు."

చుట్టూ పదిమంది నేర్చుకునేవాళ్లు. అందరూ పని ఆపి వింటున్నారు. కిష్టప్ప మొహంలో ఎగతాళి లేదు. విన్న మాట విన్నట్టు అప్పజెప్పాడు, అంతే. నాకు చెప్పడం రాదా? నాకా? సిగ్గుపడాల్సిన చోట నాకు రోషం పొడుచుకొచ్చింది. గనిలో దుమ్ము మింగుతూ కూర్చుని కూడా, వాడు నాకంటే పైనే కూర్చున్నాడు.

"ఎందుకు రాదు? ఇను" అన్నాను. "బండకు తూట్లు పెట్టి ఎండు కట్టె చీలలు కొట్టి నీళ్లు పోస్తె ఏమైతది?"

"పగులుతది."

"పడవ ఎముకలు గూడ అంతే. ఉబ్బుటానికి జాగ ఉండాలె. అందుకే సందు."

"గిది మీకు ఎట్ల తెలిసింది ఉస్తాద్?" అన్నాడు కిష్టప్ప. "మీరు గనిల ఎన్నడు చెయ్యలే గద."

అందరూ నా మొహం చూస్తున్నారు. పేరు నాలుక మీదికి వచ్చింది. మూడక్షరాలు, అంతే. అది అనేస్తే నా పేరుతో పిలిచే సందు వాడిదైపోతుంది, కానీ నా ఛాతీ మీది బండ దిగిపోతుంది. ఇన్నేళ్లలో అంత దగ్గరికి అది ఎప్పుడూ రాలేదు.

"నేనే ఒకసారి గని దిక్కు పోయినప్పుడు సూసిన" అన్నాను.

ఎందుకని అడగొద్దని ఖుద్దూస్ ఎందుకన్నాడో కిష్టప్పకు అప్పుడు తెలిసినట్టుంది. తరవాత తల వంచుకుని, రంద ఎక్కడుందని పక్కవాణ్ని అడిగాడు.